మా 84 మోడల్ అంబాసిడర్‌కి సిలిండర్ హెడ్ వెతికిన నాలుగు నెలలు

మాది 1984 మోడల్ అంబాసిడర్, మార్క్ 4, పెట్రోల్. నాన్న గుంటూరు మిర్చి యార్డు చుట్టూ తిరిగే రోజుల్లో కొన్న బండి. ఇంజను పాత 1489 సీసీది, అంటే ఇంగ్లండులో బీఎంసీ వాళ్ళు తయారుచేసిన బీ సిరీస్ ఇంజనుని హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు కోల్‌కతా దగ్గరి ఉత్తరపారా ఫ్యాక్టరీలో పోత పోసింది. ఈ బండికి సిలిండర్ హెడ్, అంటే వాల్వులుండే ఇంజను పై భాగం, మార్చాల్సి వచ్చి నాలుగు నెలలు తిరిగాను, మధ్యలో రెండు తప్పు హెడ్లు కొనబోయాను, అందులో ఒకటి నిజంగానే కొన్నాను. పాత అంబాసిడర్, అదే కంపెనీ జీపు లాంటి ట్రెక్కర్ ఉంచుకున్నవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మొదలైంది శ్రీశైలం దారిలో. దోర్నాల దాటాక ఘాట్ ఎక్కుతుంటే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీతకి వెళ్ళిపోయింది. ఆపి, చల్లారనిచ్చి, నీళ్ళు పోసి ఎలాగో పైకి చేరాం, దర్శనం అయింది, తిరిగొచ్చాం. ఆ తర్వాత రోజూ పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్లగా ఆవిరి, మొదటి నిమిషం బండి కుంటుతూ ఆడటం, వారానికి లీటరున్నర నీళ్ళు రేడియేటర్‌లోంచి మాయం. కింద ఒక్క చుక్క పడటం లేదు. మా మెకానిక్ మేస్త్రి గారు ప్లగ్గులు విప్పి బల్ల మీద వరసగా పెట్టారు. 1, 4 ప్లగ్గులు మామూలు గోధుమ రంగులో ఉన్నాయి, 2, 3 మాత్రం ఎవరో బ్రష్షుతో కడిగినట్టు తెల్లగా, తడిగా. కంప్రెషన్ గేజీ పెడితే చివరి రెండూ 115 పీఎస్‌ఐ దగ్గర ఆగాయి, మధ్య రెండూ 80 కూడా దాటలేదు. ఆ రెండింట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూశారు, ముల్లు పెరగలేదు. ఆయిల్ పోసినా పెరగలేదంటే రింగుల తప్పు కాదు, పైన వాల్వులో, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే గాస్కెట్టో, హెడ్డో.

"బాబూ, 4, 5 ట్యాపెట్లు ఎన్నాళ్ళ నుంచి బిగుసుకుంటున్నాయి?" అని అడిగారాయన. ట్యాపెట్ అంటే ఇక్కడ వాల్వు తోకకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య వదిలే సందు. నాకు ఆ క్షణాన అర్థం కాలేదు. ఆలోచిస్తే నిజమే. ప్రతి సర్వీసుకీ ఆ రెంటికే గ్యాప్ తగ్గిపోయి ఉండేది. పదిహేను థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెడితే ఆరు నెలలకి పది, ఎనిమిది. నేను దాన్ని సరిచేసుకుని ఊరుకునేవాణ్ణి, ఎందుకు తగ్గుతోందని ఒక్కసారీ అడగలేదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఈ ఇంజనులో వాల్వులు ముందు నుంచి ఎగ్జాస్టు, ఇన్లెట్, ఇన్లెట్, ఎగ్జాస్టు, ఎగ్జాస్టు, ఇన్లెట్, ఇన్లెట్, ఎగ్జాస్టు వరసలో ఉంటాయి. 4, 5 రెండూ ఎగ్జాస్టులు, పక్కపక్కనే, 2వ సిలిండరుకీ 3వ సిలిండరుకీ కలిపి ఒకే దారిలోంచి పొగ బయటికి పోతుంది. అంటే హెడ్ మొత్తంలో అన్నిటికంటే వేడి చోటు అదే. పైగా మా హెడ్డులో వాల్వు కూర్చునే సీట్లు విడిగా వేసిన గట్టి రింగులు కావు, పోత ఇనుములోనే నేరుగా కోసినవి. పాత రోజుల్లో పెట్రోల్‌లో సీసం ఉండేది, అది ఆ సీటు మీద పొరలా పట్టి కాపాడేది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోల్ మొదలై, 2000 ఫిబ్రవరి నుంచి సీసం ఉన్నది దేశమంతా ఆగిపోయింది. అది మనుషుల ఆరోగ్యానికి మంచే జరిగింది, కానీ ఈ పాత ఇనప సీట్లకి ఆ పొర పోయింది. వాల్వు కొట్టుకుంటూ కొట్టుకుంటూ సీటులోకి దిగిపోతుంది. వాల్వు లోపలికి దిగితే దాని తోక పైకి లేస్తుంది, తోక లేస్తే ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది. నేను ఏళ్ళ తరబడి స్క్రూడ్రైవర్‌తో సరిచేసింది అదన్నమాట.

హెడ్డు దించాం. పదకొండు నట్లు, అందులో నాలుగు, వాల్వుల్ని నొక్కే మీటలు (రాకర్లు) ఉండే రాకర్ షాఫ్టు స్తంభాల్ని కూడా పట్టుకుని ఉంటాయి. తిరగేసి బల్ల మీద పెట్టి, మసి గీకి, మేస్త్రి గారు పాత పద్ధతిలోనే చూపించారు. మధ్య వాల్వుల చుట్టూ కిరసనాయిలు రాసి, పావుగంట వదిలేసి, గుడ్డతో పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లారు. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఆ తెల్లటి పొడిలో 4వ వాల్వు సీటు అంచు నుంచి 5వ సీటు వైపు వెంట్రుకంత గీత తడిగా నల్లబడటం మొదలైంది. మెల్లగా, మా కళ్ళ ముందే, అది సీటు లోపలి గోడ మీదుగా కిందికి దిగింది. నీళ్ళు వెళ్ళే గదిలోకి పగులు. గాస్కెట్ కూడా ఆ రెండు సిలిండర్ల మధ్య కాలిపోయి ఉంది.

ఆయన నా ముందు పెట్టిన దారులు మూడు. మొదటిది, ఉన్న హెడ్డుకే స్టిచింగ్ చేయించడం. పగులు పొడవునా వరసగా రంధ్రాలు వేసి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా మరలున్న ఇనప పిన్నులు బిగించి, కొట్టి సమం చేస్తారు, ఆ తర్వాత పైన సీటు రింగులు వేస్తారు. రెండోది, వేరే పాత హెడ్డు దొరకబుచ్చుకోవడం. మూడోది, అసలు ఈ ఇంజనే తీసేసి తర్వాతి రోజుల్లో అంబాసిడర్‌లో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజను వేయడం. మూడోది చాలామంది చేశారు, బండి బాగా లాగుతుంది కూడా. కానీ ఇంజను మారిస్తే ఇంజను నంబరు మారుతుంది, ఆర్‌సీలో మార్పించుకోవాలి, ఆర్‌టీఓ అనుమతి కావాలి, గేర్‌బాక్సు దగ్గర్నుంచి మౌంటింగుల దాకా అన్నీ కదులుతాయి. ఇంట్లో నాన్న అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. "హెడ్డు మారిస్తే నంబరు మారుద్దంట్రా?" మారదు నాన్నా, నంబరు కింద బ్లాకు మీద ఉంటుంది, హెడ్డుకి దానితో సంబంధం లేదు అంటే అప్పటికి కుదుటపడ్డారు.

స్టిచింగ్ నేను మొదట గట్టిగా అనుకున్నదే. విజయవాడ ఆటోనగర్‌లో చేసే ఒకాయనకి హెడ్డు చూపించాను. ఆయన నిజాయితీగా మాట్లాడాడు. పగులు బయటి గోడ మీద ఉంటే కళ్ళు మూసుకుని చేస్తానండీ, ఇది రెండు ఎగ్జాస్టు సీట్ల మధ్య సన్నటి వంతెన మీద ఉంది, పిన్నులు పట్టడానికి లోహం చాలదు, చేస్తా గానీ గ్యారంటీ ఇవ్వను అన్నాడు. పని వద్దనుకుని నిజం చెప్పినందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. సరే, హెడ్డు వెతుకుదాం అనుకున్నా.

పాత అంబాసిడర్ సామాను అంటే అందరూ చెప్పేది కోల్‌కతా మల్లిక్ బజార్. అక్కడ ఒక దుకాణం ఫోన్ నంబరు దొరికింది. నా హిందీ అంతంత మాత్రం, ఆయన హిందీ అంతకంటే కొంచెం మెరుగు. "1489 అంబాసిడర్ హెడ్" అన్నాను, ఉందన్నాడు, వాల్వులూ రాకర్లూ కనిపించేలా పైనుంచి తీసిన ఫొటో పంపాడు, రేటు కుదిరింది, డబ్బు వేశాను. లారీ ట్రాన్స్‌పోర్టులో పదకొండు రోజులకి గోనె సంచిలో చుట్టి వచ్చింది. విప్పి తిరగేశాను. ప్లగ్గు రంధ్రాలు ఉండాల్సిన చోట ఇంజెక్టర్ రంధ్రాలు. అడుగు భాగం దాదాపు బల్లపరుపుగా ఉంది, మా దానికి ఉండే, పెట్రోల్ మండే గుండె ఆకారపు గుంటలు లేవు. అది డీజిల్ హెడ్డు.

తప్పు నాదే సగం. అంబాసిడర్ డీజిల్ కూడా 1489 సీసీయే. బోరు (సిలిండరు వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ ఒకటే, 73.025 మిల్లీమీటర్లు, 88.9 మిల్లీమీటర్లు. నేను "పెట్రోల్" అన్న ఒక్క మాట అనలేదు. కోల్‌కతాలో అంబాసిడర్ టాక్సీలు ఎక్కువగా డీజిల్‌వే ఉండేవి, కాబట్టి అక్కడ స్క్రాపులో "1489" అంటే వాళ్ళకి ముందు గుర్తొచ్చేది డీజిలే. నేను ఆ రోజు అడగాల్సిన ఫొటో అడుగు వైపుది. పైనుంచి ఎంత బాగున్నా హెడ్డు గురించి ఏమీ తెలియదు, దాని ముఖం కిందే ఉంటుంది. తిరిగి పంపితే తీసుకుంటాను గానీ రానూపోనూ కిరాయి నీదే అన్నాడాయన. పంపాను. ఆ కిరాయిలు పోను చేతికి వచ్చింది సగం కంటే కాస్త ఎక్కువ.

ఈలోగా ఇంగ్లండు నుంచి ఎంజీబీ కారు హెడ్డు తెప్పించుకోమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అదీ బీ సిరీసే, కొత్తవి ఇప్పటికీ దొరుకుతాయి, వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఎంజీబీ ఇంజను 1798 సీసీ, స్ట్రోకు మనదే, 88.9, బోరు మాత్రం 80.26. ఆ పెద్ద బోరుకి తగ్గట్టు వాల్వులు పెద్దవి చేశారు. మన 73 బోరు మీద అది పెడితే వాల్వు తెరుచుకున్నప్పుడు బోరు అంచుకి తగిలే ప్రమాదం ఉంది. బ్లాకు అంచు కోసి సందు చేసినవాళ్ళు ఉన్నారు గానీ, బాగున్న బ్లాకుని హెడ్డు కోసం కోయడం నా మనసుకి ఒప్పలేదు. కస్టమ్స్, కిరాయి కలిపితే ఖర్చు కూడా నా స్థాయిది కాదు.

ఆ తర్వాత ఒక పాత సామాన్ల దుకాణంలో ఇంకొకటి దొరికింది. వెండి రంగు పెయింట్ కొట్టి, అడుగు ముఖం అద్దంలా ఫేసింగ్ చేసి (మిషను మీద గీకి సమం చేసి), చూస్తే కొత్తదే అనిపించేలా ఉంది. "తీసుకెళ్ళి ఎక్కించుకోవడమే సార్, పని ఏమీ లేదు" అన్నాడు. డీజిల్ హెడ్డు దెబ్బ తర్వాత నాకు కొంచెం బుద్ధి వచ్చింది, అడ్వాన్సు ఇచ్చి, పరీక్ష చేయించాకే మిగతాది ఇస్తానని ఒప్పించి లేత్ షాపుకి తీసుకెళ్ళాను.

అక్కడ చేసిన పరీక్షలు ఒక్కొక్కటీ చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. మొదట మా పాత హెడ్డు పక్కన పెట్టి వెర్నియర్‌తో మందం కొలిచాం. మా హెడ్డు ఇంతకు ముందు ఎన్నడూ ఫేసింగ్‌కి వెళ్ళలేదు, కాబట్టి అదే మాకు కొలబద్ద. మెరిసే హెడ్డు ముందు వైపు మిల్లీమీటరున్నర, వెనక వైపు దాదాపు రెండు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. అంటే చాలాసార్లు గీకారు, అదీ వంకరగా. చాలామంది దీనికి కంప్రెషన్ పెరిగిపోతుందని భయపడతారు. అది నిజమే గానీ, ఈ ఇంజను ముందే తక్కువ కంప్రెషన్‌ది, ఇప్పటి పెట్రోల్‌కి అంత పెరుగుదల పెద్ద లెక్క కాదు. నా భయం వేరే. ఆ గీకిన మందమంతా మంటకీ నీళ్ళకీ మధ్య ఉండే గోడలోంచి పోయింది.

తర్వాత గుంటల కొలత. ఒక గాజు పలకకి చిన్న రంధ్రం వేయించి, వాల్వులు, ప్లగ్గు బిగించి ఉన్న గుంట అంచున గ్రీజు రాసి పలక అంటించి, మెడికల్ షాపులో కొన్న 50 ఎంఎల్ సిరంజితో కిరసనాయిలు ఎక్కిస్తూ పోవాలి, నిండేసరికి ఎన్ని సీసీలు పట్టిందో రాసుకోవాలి. నాలుగు గుంటలూ ఒకేలా ఉండాలి. దీంట్లో మొదటిదానికీ నాలుగోదానికీ నాలుగు సీసీల తేడా వచ్చింది. ఇంజను ఎప్పటికీ నున్నగా ఆడదు.

చివరిది ఎర్ర రంగు పరీక్ష. మూడు స్ప్రే డబ్బాలు ఉంటాయి, ఒకటి కడగడానికి, ఒకటి ఎర్రగా లోపలికి ఇంకడానికి, ఒకటి తెల్లగా పైకి లాగడానికి. 4, 5 సీట్ల మధ్య ఎర్ర రంగు కొట్టి, పది నిమిషాలు ఆగి, తుడిచి, తెల్లది కొట్టాడు. ముందు ఒక చుక్క వచ్చింది, కుంకుమ బొట్టులా. దాని పక్కన ఇంకో చుక్క. ఆ చుక్కలు కలుసుకుంటూ గీత అయ్యాయి. మా పాత హెడ్డులో ఉన్న చోటే, అదే వంపు. ఎవరో పైన సన్నగా ఏదో నింపి ఫేసింగ్ చేసి పెయింట్ కొట్టారు. లేత్ ఆయన ఏమీ మాట్లాడలేదు, తెల్ల పొడి మీద పెన్సిల్‌తో ఆ గీత పక్కన తేదీ రాసి నాకు ఫొటో తీసుకోమన్నాడు. ఆ ఫొటో చూపించాకే నా అడ్వాన్సు తిరిగి వచ్చింది. ఇంటికి వచ్చేసరికి ఎంత నీరసం వచ్చిందంటే, బండి అమ్మేద్దామా అని కూడా అనుకున్నా. నాన్న వరండాలో కూర్చుని అన్నీ విన్నారు. "రంగేసింది కొనకూడదురా, మిరపకాయైనా అంతే" అన్నారు. యార్డులో నలభై ఏళ్ళు మిర్చి చూసిన మనిషి మాట అది.

అప్పటి నుంచి స్క్రాపు దుకాణాలు మానేసి, కదలకుండా పడి ఉన్న బండ్ల కోసం వెతకడం మొదలుపెట్టాను. దుకాణంలోకి వచ్చిన హెడ్డు అంటే ఎవరో ఏదో సమస్య వచ్చి విప్పినదే అయి ఉండాలి. అదే బండి పాడయ్యో, మనిషి లేకో, టైర్లు పోయో ఆగిపోయిన ఇంజను మీద ఉన్న హెడ్డుకి పగులు లేకపోయే అవకాశం ఎక్కువ. పాల వ్యానుల వాళ్ళని, పాత డ్రైవర్లని, పెట్రోల్ బంకుల్లో అడుగుతూ పోయాను. ట్రెక్కర్ అయినా పర్లేదు, పెట్రోల్ ట్రెక్కర్‌కి ఇదే ఇంజను. రెండు నెలల తర్వాత తెనాలి అవతల ఒక ఊళ్ళో రిటైరైన మాస్టారి దొడ్లో చింతచెట్టు కింద ఒక మార్క్ 4 ఉందని తెలిసింది.

వెళ్ళి చూస్తే టైర్లు నేలలో కూరుకుపోయి ఉన్నాయి, సీట్లలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి, కానీ బానెట్ మూసే ఉంది. హెడ్డు నట్ల మీద పాత పెయింట్ పగలకుండా ఉంది. అంటే వీటికి రెంచి తగల్లేదు. నా గుండె వేగం పెరిగింది. మాస్టారు బండి ఎందుకు ఆపారో చెప్పారు, గేర్‌బాక్సు పోయిందట, బాగు చేయించేలోపు కొడుకు కొత్త కారు కొన్నాడట. "ఇంజను మొత్తం తీసుకుపో బాబూ, పైది ఒక్కటి తీస్తే వాన నీళ్ళు లోపలికి పోవూ" అన్నారు. మాస్టారూ, నాకు హెడ్డు చాలండి, మిగతాది చెడిపోకుండా నేను కప్పి వెళ్తాను అన్నాను. 3,500 అడిగారు, బేరం ఆడలేదు.

దించడానికి రెండు రోజులు పట్టింది. స్టడ్లు తుప్పుతో హెడ్డుని పట్టేశాయి. మొదటి రోజు సాయంత్రం అన్నిటికీ తుప్పు వదిలించే నూనె పోసి వచ్చాం, రెండో రోజు పొద్దున చెక్క సుత్తితో చుట్టూ చిన్నచిన్నగా కొడుతూ ఉంటే మధ్యాహ్నానికి టప్‌మని కదిలింది. ఉలి పెట్టి పైకెత్తొద్దని మేస్త్రి గారు ముందే హెచ్చరించారు, ముఖం మీద గాటు పడితే మళ్ళీ అది గీకాలి. నీళ్ళ గదుల్లోంచి కాఫీ పొడి లాంటి తుప్పు గుప్పెళ్ళకొద్దీ రాలింది. వచ్చేముందు ఆ బ్లాకు బోర్లలో ఇంజను ఆయిల్ పోసి, పైన గ్రీజు రాసి, మందపాటి ప్లాస్టిక్ పట్టా కట్టి బానెట్ దించాం. మాస్టారు దగ్గరుండి చూశారు.

ఈ హెడ్డుని ముందు వేడి కాస్టిక్ తొట్టిలో ఉడికించాం, తర్వాత అవే పరీక్షలు. మా పాత గాస్కెట్‌ని దాని మీద పరిచి నీళ్ళ రంధ్రాలు, పుష్‌రాడ్ రంధ్రాలు, రాకర్లకి ఆయిల్ ఎక్కే సన్న రంధ్రం అన్నీ కుదిరాయా అని చూశాం, కుదిరాయి. మందం మా హెడ్డుతో సమానం. ఎర్ర రంగు కొట్టి, తెల్లది కొట్టి, నేనూ మేస్త్రి గారూ లేత్ ఆయనా ముగ్గురం దాని మీదికి వంగి నిలబడ్డాం. ఐదు నిమిషాలు. పది. తెల్లగానే ఉండిపోయింది. అయినా ఆగకుండా నీళ్ళ రంధ్రాలకి పలకలు బిగించి గాలి పెట్టి తొట్టిలో ముంచాం. ఒక్క బుడగ రాలేదు. ఒక ఎగ్జాస్టు మానిఫోల్డ్ స్టడ్డు విరిగి ఉంది, ఒక ప్లగ్గు మర అరిగింది, ఇవి బాగుచేసుకోగలిగినవి.

పనిలో అసలు కీలకం ఎగ్జాస్టు సీటు రింగులు. పగులు లేని హెడ్డు దొరికింది కదా అని ఇనప సీట్లతోనే ఎక్కిస్తే మళ్ళీ అదే కథ. నాలుగు ఎగ్జాస్టులకీ గట్టి రింగులు వేయమన్నాను, ఇన్లెట్లకి అక్కర్లేదు, వాటి మీదుగా చల్లటి మిశ్రమం పోతుంటుంది కాబట్టి అవి అంతగా దెబ్బతినవు. 4, 5 దగ్గర మాత్రం లేత్ ఆయన చెయ్యి ఆపాడు. రింగు కోసం లోతుగా కోస్తే నీళ్ళ గదిలోకి తూట్లు పడతాయి, వెడల్పుగా కోస్తే రెండిటి మధ్య వంతెన పల్చబడుతుంది. బయటి కొలత తక్కువ ఉన్న రింగులు వెతికి తెప్పించడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారం వెయిట్ చేయడమే ఈ మొత్తం పనిలో నేను చేసిన మంచి పని అనుకుంటాను. రింగు రంధ్రం కంటే మూడు నాలుగు థౌ పెద్దగా ఉంటుంది. రింగుల్ని రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున హెడ్డు వేడి చేసి, చల్లటి రింగు పెట్టి ఒక్క దెబ్బలో దించాడు. ఆ శబ్దం మారడం విన్నాను, మొదట టంగ్‌మని, అడుగుకి ఆనగానే థప్‌మని మొద్దుబారింది. "కూర్చుంది" అన్నాడు.

వాల్వులు జారే గైడులు ఎనిమిదీ కొత్తవి, వాల్వులు కొత్తవి, ముఖానికి నాలుగు థౌ మాత్రం ఫేసింగ్. సీట్లు కోశాక వాల్వులు పేస్టు పెట్టి నేనే రుద్దాను, సీటు మీద బూడిద రంగు సన్నటి వలయం తెగకుండా చుట్టూ వచ్చేదాకా. గుంటల్లో కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేశాం, పొద్దున పోర్టులు పొడిగా ఉన్నాయి. సిరంజి లెక్కలో నాలుగు గుంటలకీ తేడా ఒక సీసీ లోపే. లేత్ పని, సామాను కలిపి 14,000 దాటింది. హెడ్డు ధర 3,500, దాని మీద పని దానికి నాలుగింతలు. ఎవరైనా హెడ్డు కొనబోతే ఈ నిష్పత్తి ముందే లెక్కలో పెట్టుకోండి, చవగ్గా దొరికిందని సంబరపడితే తర్వాత పనిలో కక్కుర్తి పడాల్సి వస్తుంది.

ఎక్కించే ముందు మేస్త్రి గారు పట్టుబట్టిన విషయం బ్లాకు కడగడం. పక్కన ఉండే డ్రెయిన్ ట్యాప్ విప్పితే ఏమీ రాలేదు. తీగ పెట్టి పొడిచాక ఎర్రటి బురద ముద్దలుగా వచ్చింది. ఏళ్ళ తరబడి మేము పోసిన బోరుబావి నీళ్ళ ఉప్పు, తుప్పు అంతా అక్కడ పేరుకుంది. రేడియేటర్ రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయిస్తే గొట్టాల్లో మూడో వంతు మూసుకుపోయి ఉన్నాయన్నాడు. పైగా మా బండిలో థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి వెళ్ళనివ్వని కవాటం) లేదు, ఎప్పుడో ఎవరో తీసి పారేశారు. మన దగ్గర వేడి ఎక్కువ కదా, తీసేస్తే చల్లగా ఉంటుందని మెకానిక్కులందరూ తీసేస్తుంటారు, కానీ అది లేకపోతే పొద్దున పూట ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఘాట్‌లోనేమో మూసుకుపోయిన రేడియేటర్ ముందు అది లేకపోవడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. కొత్తది వేశాం, నీళ్ళ బదులు కూలెంట్ పోశాం. పాత హెడ్డుని పగలగొట్టిన కారణాన్ని అలాగే ఉంచి కొత్త హెడ్డు పెట్టడంలో అర్థం లేదు.

హెడ్డు నట్ల బిగింపు 40 పౌండ్ అడుగులు, మన లెక్కలో ఐదున్నర కేజీ మీటరు. మధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా. బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచి మేస్త్రి గారికి లేదు, ఆయన చేతి లెక్క మీద నాకు నమ్మకం ఉన్నా అద్దెకి తెచ్చాను, ఆయన కూడా కాదనలేదు. ఆ నాలుగు నట్లు రాకర్ షాఫ్టుని కూడా పట్టుకుంటాయి కాబట్టి, నట్లు మళ్ళీ బిగించిన ప్రతిసారీ ట్యాపెట్లు మారతాయి. అందుకే ఇంజను వేడెక్కించి, చల్లార్చి, మళ్ళీ బిగించి, ఆ తర్వాతే ట్యాపెట్లు. దానికి తొమ్మిది లెక్క. 8వ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉంటే 1వది సరిచేయాలి, 6 తెరిస్తే 3, 5 తెరిస్తే 4, రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. నాన్న వరండాలోంచి కుర్చీ తెప్పించుకుని పక్కన కూర్చుని ఆ అంకెలు పైకి చదివారు, నేను హ్యాండిల్ తిప్పాను, మేస్త్రి గారు సందు కొలిచే పదిహేను థౌ రేకు ఆకు పెట్టి బిగించారు.

500 కిలోమీటర్లకి ఒకసారి నట్లు బిగించి ట్యాపెట్లు చూశాను, కొత్త సీట్లు సర్దుకుంటాయి కాబట్టి ఒకటి రెండు కొంచెం మారాయి. కంప్రెషన్ నాలుగింటిలోనూ 120కి అటూ ఇటూగా వస్తోంది. మొన్న ఆదివారానికి 3,200 కిలోమీటర్లు. కూలెంట్ గీత దగ్గరే ఉంది. వాల్వుల మూత విప్పి, 5 తెరిచి 4 చూశాను, 4 తెరిచి 5 చూశాను. పదిహేను థౌ ఆకు రెండింట్లోనూ కొంచెం పట్టు ఇస్తూ జారింది, పదహారు థౌది దూరలేదు.